గుర్రపుడెక్కా, ఊకా: నీటిలోని సీసం, కాడ్మియం తీయడానికి ఏది మేలు?

చెరువులో గుర్రపుడెక్క పెంచితే సీసం, కాడ్మియం అదే లాగేస్తుంది కదా, మళ్లీ వరి ఊక నింపిన గొట్టంలోంచి నీళ్లు పోనిచ్చే ఈ ఫిల్టర్లు ఎందుకని చాలామంది అడుగుతున్నారు. లాగేస్తుంది, నిజమే, వేర్లయితే మరీ బాగా పట్టుకుంటాయి. కానీ ఏది ఎక్కువ పట్టుకుంటుందనే దానికన్నా ముందు చూసుకోవాల్సింది, పట్టుకున్న లోహాన్ని తర్వాత ఏం చేస్తామన్నది. సీసం కుళ్లిపోయేది కాదు, ఇక్కడ తీస్తే ఇంకోచోట ఉంటుందంతే.

గుర్రపుడెక్కలో 90 శాతానికి పైగా నీరే. కాబట్టి కాస్త లోహం కోసం టన్నులకొద్దీ పచ్చి చెత్త లాగి, ఎండబెట్టి, జాగ్రత్త చేయాలి. తీయడం ఆలస్యమై అక్కడే కుళ్లిందా, లోహం మళ్లీ నీళ్లలోకి, బురదలోకి వెళ్తుంది. గట్టున కుప్ప పోస్తే గేదెలు మేస్తాయి, ఎవరో ఒకరు ఎరువుగా పొలానికి తోలుకుపోతారు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగు గుండా మంజీరలోకి పోయిన సంగతి తెలిసినవాళ్లకు ఇదెంత టెన్షనో చెప్పక్కర్లేదు.

అందుకే నేను ఎండు పదార్థం వైపే మొగ్గుతాను. వరి ఊక, వేరుశనగ పొట్టు లాంటివాటిలో ఉండే కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ అనే అణువుల గుంపులు నీళ్లలో కరిగి ఉన్న లోహపు అయాన్లను పట్టేస్తాయి, పైగా ప్రాణం లేని పదార్థం కాబట్టి మొక్క చచ్చిపోయేంత విషపు నీళ్లలోనూ పని చేస్తుంది. ఊకను క్షారంతో కడిగితే సిలికా కొంత పోయి ఇంకా బాగా పట్టుకుంటుంది. గొట్టంలో నింపి నీళ్లు పోనిచ్చి, నిండాక పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే లోహమంతా కొద్దిపాటి ద్రవంలోకి దిగుతుంది. దాన్ని సున్నంతో మడ్డిగా చేసి దుండిగల్‌లో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపొచ్చు. లెక్క తేలేది ఇక్కడే!

లోపాలు లేవని కాదు. కడగని ఊక నీళ్లకు రంగు వదులుతుంది. సీసానికి పీహెచ్ (నీళ్ల ఆమ్లత్వపు కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5, 6 మధ్య ఉంటే మంచిది, అదే హెక్సావేలెంట్ క్రోమియానికైతే (క్రోమియంలో బాగా విషపు రూపం) 2 దగ్గరికి దించాలి, అంటే రెండూ కలిసి వచ్చే నీళ్లను ఒక్క గొట్టంతో సరిపెట్టలేం.

కొబ్బరిచిప్పల యాక్టివేటెడ్ బొగ్గు రంగుకీ వాసనకీ మేలు, ఖర్చెక్కువ. మునగ గింజల పొడి ముఖ్యంగా మడ్డి తేర్చడానికే. నల్గొండ వైపు వాళ్లడిగే ఫ్లోరైడ్ అసలు భారలోహమే కాదు, దానికి పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతి వేరే ఉంది.

గుర్రపుడెక్క వేర్లనే ఎండబెట్టి పొడి చేసి గొట్టంలో వాడటం కూడా మంచి దారే, శుభ్రమైన కాలువ నుంచి తెచ్చినవైతే.

ఇవన్నీ ఫ్యాక్టరీ నీళ్లను బయటికి వదిలేముందు చేసే పనులు. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, ఇంట్లో ఊక డబ్బా పెట్టుకుని ఆ నీళ్లు మాత్రం తాగకండి.