ఏజీపీ కార్డులు కొనేవాళ్లు జాగ్రత్త: ఆకురాయితో గాడి కోసి అమ్ముతున్నాడు

నిన్న రాత్రి మా నాన్న కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. ఇంకా కోపం తగ్గలేదు, రాతలో తప్పులుంటే క్షమించండి. మరొకరు ఈ కార్డులు అమ్మే మనిషికి డబ్బు పంపకముందే ఇది చదవాలని ఇప్పుడే రాస్తున్నాను.

ఏజీపీ అంటే పాత కంప్యూటర్ల బోర్డు మీద గ్రాఫిక్స్ కార్డు, అంటే స్క్రీన్‌కి బొమ్మ పంపే కార్డు, పెట్టే స్లాట్. అలాంటి పాత కార్డుల కోసం వెతికేవాళ్లకు ఆయన తెలిసే ఉంటాడు. నీలం గుడ్డ మీద కార్డులు పేర్చి ఫొటోలు పెడతాడు, ప్రతిదాని కింద 'టెస్టెడ్, వర్కింగ్' అని రాస్తాడు. పేరు రాయను.

మాది 1999లో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో నాన్న అసెంబుల్ చేయించిన సిస్టమ్. పెంటియమ్ 3, 450 మెగాహెర్ట్జ్, 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డు, విండోస్ 98. ఖమ్మంలో మా డీటీపీ షాపు దాని మీదే నడిచింది. పెళ్లి శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో చేసినవే. అవి యూనికోడ్ కావు, ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకే షాపు మూసేసినా సిస్టమ్‌ని ఇంటికి తెచ్చుకున్నాం. నాన్న ఇప్పటికీ సాయంత్రం పూట దాని ముందు కూర్చుంటారు.

అందులో ఉన్నది ఎస్‌ఐఎస్ 6326, 4 ఎంబీ కార్డు. రెండు నెలలుగా స్క్రీన్ మీద నిలువు గీతలు మొదలయ్యాయి. ఎలాగూ మార్చాలి కదా, కాస్త మంచిదే వేద్దామని జీఫోర్స్2 ఎంఎక్స్ 400 కోసం వెతికాను. విండోస్ 98కి డ్రైవర్లు ఉన్నాయి, 440బీఎక్స్‌లో పనిచేస్తుంది. ఇంతకుముందు ఒకాయన 'పీసీఐ కార్డు' అని చెప్పి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు ఫొటో పంపాడు. అది మా బోర్డులో ఏ స్లాట్‌లోనూ దిగదు కాబట్టి వద్దనుకున్నాను. అంత జాగ్రత్తగా ఉన్నవాడిని ఇక్కడ ఎలా పడ్డానో నాకే అర్థం కావడం లేదు.

మా స్లాట్ ఫొటో ఆయనకు ముందే పంపాను. 'అన్నా, ఇది 2ఎక్స్ స్లాట్, 3.3 వోల్టులది. 1.5 వోల్టుల కార్డు దీనికి పనికిరాదు. రెండు గాళ్లూ ఉన్న కార్డు అయితేనే పంపండి' అని రాశాను. 'టెన్షన్ పడకు తమ్ముడూ, కరెక్ట్‌గా పడుతుంది' అన్నాడు. కొరియర్‌తో కలిపి 3,800 రూపాయలు యూపీఐలో కొట్టాను. కార్డు కింది అంచు దగ్గర నుంచి ఫొటో తీసి పంపమని అడగలేదు. ఆ ఒక్క ఫొటో అడిగి ఉంటే ఇవాళ ఈ రాత ఉండేది కాదు.

గాడి సంగతి తెలియనివాళ్లకు చెప్తాను. ఏజీపీ మొదట్లో 3.3 వోల్టులతో నడిచేది. 1998లో వచ్చిన 2.0 స్పెసిఫికేషన్‌తో 4ఎక్స్ వేగం, దానితోపాటు 1.5 వోల్టులు వచ్చాయి. ఒకదాని కార్డు ఇంకోదానిలో పెట్టకుండా స్లాట్‌లో ఒక అడ్డు, కార్డు అంచులో దానికి సరిపడా గాడి ఉంటాయి. 3.3 వోల్టుల గాడి క్యాబినెట్ వెనకవైపు, అంటే మానిటర్ కేబుల్ తగిలించే ఇనుప పట్టీకి దగ్గరగా ఉంటుంది. 1.5 వోల్టుల గాడి పట్టీకి దూరంగా ఉంటుంది. రెండూ ఉంటే కార్డు రెండు రకాల స్లాట్లలోనూ దిగుతుంది. ఆ అడ్డు పెట్టిందే బోర్డు కాలకుండా ఉండటానికి.

పార్సిల్ నిన్న సాయంత్రం వచ్చింది. చూస్తే రెండు గాళ్లూ ఉన్నాయి, సంతోషపడ్డాను. నాన్న పక్కనే నిలబడి టార్చ్ పట్టుకున్నారు. కార్డు కొంచెం బిగుతుగా దిగింది. అక్కడైనా ఆగాల్సింది. పవర్ నొక్కాను. ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు. డిస్‌ప్లే రాలేదు. రెండు మూడు సెకన్లలో కాలిన వాసన వచ్చింది. నాన్న చెయ్యి చాచి ప్లగ్ పీకేశారు. పాత కార్డు మళ్లీ పెట్టి చూస్తే ఈసారి బీప్ కూడా లేదు. ఫ్యాన్ తిరుగుతోంది, అంతే. ర్యామ్ మార్చాను, వేరే ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) తగిలించి చూశాను. బోర్డు లేవలేదు.

అప్పుడు కార్డుని లైటు కిందకు తెచ్చి చూశాను. పట్టీకి దూరంగా ఉన్న గాడి నున్నగా, కంపెనీలో చేసినట్టే ఉంది. పట్టీకి దగ్గర గాడి అంచులు గరుకుగా ఉన్నాయి, ఆకురాయి గీతలు కనిపిస్తున్నాయి. బంగారు పూత ఉన్న పిన్నులు ఆ పక్కా ఈ పక్కా సగానికి తెగి ఉన్నాయి, రాగి బయటపడింది. కంపెనీ గాడి దగ్గర పిన్నులు ముందే ఆగిపోతాయి, తెగి ఉండవు. ఎంఎక్స్ 400 అని ఉన్న స్టిక్కర్‌ని గోరుతో లేపితే కింద ఇంకో స్టిక్కర్ ఉంది, 8ఎక్స్ అని. అది 4ఎక్స్ తర్వాత వచ్చిన రకం, 1.5 వోల్టుల స్లాట్‌కి చేసిన కార్డు. మా స్లాట్‌లో దిగకూడదు కాబట్టే దిగకుండా తయారు చేశారు. దాన్ని దిగేలా కోసి పంపాడు.

వెంటనే ఫోన్ చేశాను. అబద్ధం చెప్తాడు, నాకేం తెలియదంటాడు, ఎవరి దగ్గరో కొన్నానంటాడు అనుకున్నాను. అలా అన్నా ఇంత బాధపడేవాడిని కాదు. ఆయన ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: 'గాడి నేనే వేశాను. నీ స్లాట్‌లో పట్టాలన్నావుగా, పట్టేలా చేసి పంపాను. పట్టిందా లేదా?'

నాకు కాసేపు మాట రాలేదు. వోల్టేజీ సంగతి ముందే రాశాను కదా అన్నాను. 'పాతికేళ్ల డబ్బాకి వోల్టేజీ ఏంటయ్యా, పాత సామాన్లవాడికి తూకానికి వెయ్యి, వంద రూపాయలొస్తాయి' అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. నాన్న విన్నారు. నేను అరవడం మొదలుపెట్టేలోపు కట్ చేశాడు, తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు.

ఆయన తెలియక చేసింది కాదు. 3.3 అంటే ఏంటో, ఆ గాడి ఎక్కడుండాలో తెలిసినవాడే కొలత తప్పకుండా అక్కడ కోయగలడు. తెలిసి చేశాడు, తెలిసే స్టిక్కర్ మార్చాడు. నా మెసేజ్ చదివి, దాన్నే కొలతగా పెట్టుకుని కోశాడు. నన్ను తినేస్తున్నది అదే. నాన్న ఏమీ అనలేదు. క్యాబినెట్ మూత బిగించి, మీద ఎప్పుడూ కప్పే గుడ్డ కప్పేశారు.

నా తప్పులు కూడా రాస్తాను, మీకు పనికొస్తాయి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయలేదు. ముందు ఏదైనా పనికిరాని బోర్డులో పెట్టి చూడలేదు. అన్నిటికంటే ముందు, హార్డ్ డిస్క్‌లో ఉన్నదంతా కాపీ తీసి పెట్టుకోలేదు. హార్డ్ డిస్క్‌కి ఏమీ కాలేదు. ఇవాళ పొద్దున ఐడీఈ (పాత హార్డ్ డిస్కుల కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఫోల్డర్లు కనిపించాయి. లేకపోతే ఈపాటికి ఏమైపోయేవాడినో.

కొనేటప్పుడు అంచు ఫొటో రెండు వైపులా అడగండి, గాడి దగ్గర పిన్నులు తెగి ఉంటే వదిలేయండి. పెంటియమ్ 4 వాళ్లకు ప్రమాదం దీనికి తిరగబడి ఉంటుంది. 845 చిప్‌సెట్ బోర్డులు 1.5 వోల్టులవే, 3.3 మాత్రమే తీసుకునే కార్డు వాటిలో పెడితే బోర్డు పోతుంది. అసలు గాడి విషయంలో అనుమానం ఉంటే పాత రకం పీసీఐ కార్డే తీసుకోండి, వేగం తగ్గినా పేజ్‌మేకర్‌కి చాలు.

స్లాట్ 1 (ప్రాసెసర్ పెట్టే పొడుగు స్లాట్) ఉన్న 440బీఎక్స్ బోర్డు ఎవరి దగ్గరైనా పనిచేసే స్థితిలో ఉంటే దయచేసి చెప్పండి. హైదరాబాద్, ఖమ్మం, విజయవాడ ఎక్కడైనా నేనే వచ్చి, ఆన్ చేసి చూసి తీసుకుంటాను. డబ్బు ముందుగా మాత్రం పంపను.