డీ అడిక్షన్ సెంటర్‌కి మూడు నెలల అడ్వాన్స్ కట్టకండి

హైదరాబాద్ చుట్టుపక్కల ఇంటి మనిషికి తాగుడు మాన్పించాలని సెంటర్ల కోసం చూస్తున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. మా బావ విషయంలో మాకు 93 వేలు పోయాయి. అందులో 60 వేలు అక్క నల్లపూసల గొలుసు తాకట్టు పెట్టి తెచ్చినవి.

ఫోన్‌లో "తక్కువ ఖర్చులో డీ అడిక్షన్" అని వెతికి, అన్నిటికంటే పైన కనిపించిన నంబరుకి చేశాను. అది ప్రకటన అని చూసుకోలేదు. "ఇది ఫ్రీ హెల్ప్‌లైన్ అన్నా, మంచి సెంటర్ మేమే చూపిస్తాం" అన్నాడు అవతలివాడు ఎంతో మర్యాదగా. కమీషన్ మీద మనుషుల్ని పంపే బ్రోకర్ అని తర్వాత తెలిసింది. నెలకి 15 వేలు, డాక్టరు, మందులు, తిండి అన్నీ అందులోనే, ఇన్సూరెన్స్ కూడా నడుస్తుంది అన్నాడు. బెడ్ ఆపడానికి 5 వేలు అడిగితే వెంటనే పంపేశాను.

రాత్రి పదకొండింటికి నలుగురు వ్యాన్‌లో వచ్చి బావని రెక్కలు పట్టుకుని ఎక్కించారు. దాని పేరు పికప్, 8 వేలు. అక్కడికి వెళ్లాక మూడు నెలలకి ఒకేసారి 45 వేలు. పరీక్షలు, మందులు వేరే, 20 వేలు. కౌన్సెలింగ్ కూడా వేరేనట, 15 వేలు. రసీదు అడిగితే ఏదో ట్రస్టు పేరు మీద "విరాళం" అని రాసిచ్చారు. దాని మహిమ డబ్బు వెనక్కి అడిగినప్పుడు తెలిసింది. మీరిచ్చింది ఫీజు కాదు, విరాళం అన్నారు! ఇన్సూరెన్స్ సంగతి కూడా అంతే. మీ పాలసీలో మినహాయింపుల పేజీ తీసి చూడండి, మద్యం, మత్తు అలవాట్ల చికిత్సకి డబ్బు రాదని చాలావాటిలో ఉంటుంది.

డబ్బు కంటే పెద్ద సంగతి వేరే ఉంది. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి మూడు నాలుగు రోజులే గండం. చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, మనుషుల్ని గుర్తుపట్టక ఏదేదో మాట్లాడొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అప్పుడు డాక్టరు పక్కన ఉండాలి. అక్కడున్నది ఒక మేనేజరు, ఒకప్పుడు అక్కడే చేరి మానేసిన ఇద్దరు కుర్రాళ్లు. రెండో రోజు రాత్రి బావకి ఫిట్స్ వస్తే మాకు మర్నాడు మధ్యాహ్నం చెప్పారు. మొదటి పదిహేను రోజులు ఫోన్ ఇవ్వం అనే రూలు ఎందుకో అప్పుడు అర్థమైంది.

అక్కడి నుంచి నేరుగా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ పేరు వినగానే అక్క ఏడ్చింది, ఊళ్లో ఏమనుకుంటారోనని. నిజం చెప్పాలంటే ఆ సిగ్గు వల్లే మేం ముందే అక్కడికి వెళ్లలేదు. ప్రభుత్వ ఆసుపత్రి. కల్లు మానలేక వచ్చినవాళ్లు, మా బావలాంటివాళ్లు బోలెడుమంది కనిపించారు. ఆధార్ తీసుకుని, తోడుగా ఒక మనిషి ఉండాలన్నారు. మా జేబులోంచి పోయింది ఆటోలకీ టిఫిన్లకే. వైజాగ్ వైపు వాళ్లకి చినవాల్తేరులో ఇలాంటి ప్రభుత్వ ఆసుపత్రే ఉంది.

ప్రైవేటులోనే చేర్పించాలనుకుంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్టర్ అయ్యారా, ఆ కాగితం చూపించండి అని అడగండి. సైకియాట్రిస్టు పేరు, ఏ రోజుల్లో వస్తారో అడగండి. మనిషిని గొలుసులతో కట్టేయడం ఆ చట్టం ప్రకారం నిషేధం. ఎవరికి ఫోన్ చేయాలో తెలియకపోతే మత్తు అలవాట్లకి కేంద్రప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, మానసిక సమస్యలకి టెలీ మానస్ 14416. రెండూ ఉచితం. కేంద్రం గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలు కూడా ఉన్నాయి, మీ జిల్లాలో ఎక్కడుందో 14446 వాళ్లనే అడగండి. మానేశాక మళ్లీ మొదలుపెట్టకుండా ఉండేందుకు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి వెళ్లొచ్చు, ఫీజు లేదు. బావ ఆదివారాలు వెళ్తున్నాడు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. ఆ బ్రోకర్ మాత్రం మొన్న వాట్సాప్‌లో దసరా ఆఫర్ పంపాడు. రెండు నెలలకి కడితే మూడో నెల ఫ్రీ అట.