గోడో 4 చాన్నాళ్లు వాడాక: ఆడేవాళ్ల కళ్ల సంగతి

గేమ్ ఆడి లేచాక తల పట్టేసిందంటే అందరూ ముందు బ్రైట్‌నెస్ మీద పడతారు. గేమ్‌లు తయారుచేసే ఇంజిన్ గోడో 4, 2023 మార్చిలో వచ్చినప్పటి నుంచి వాడుతూ తేల్చుకున్నదేంటంటే, చాలాసార్లు అసలు దొంగ గేమ్ లోపలి కెమెరానే. ఈ ఇంజిన్లో కంటికి హాయినిచ్చే సరంజామా బాగానే ఉంది. కాకపోతే ముఖ్యమైన స్విచ్‌లు ఆఫ్‌లో వస్తాయి, మనమే వెతుక్కుని వేసుకోవాలి.

మొదటిది జిట్టర్, అంటే కదలిక సాఫీగా సాగక అదరడం. ఫిజిక్స్, అంటే వస్తువుల కదలికల లెక్క, మామూలుగా సెకనుకు 60 సార్లు నడుస్తుంది. మానిటర్ 144 హెర్ట్జ్‌దైతే ఒక్కో ఫిజిక్స్ అడుగుకు 2.4 ఫ్రేములు రావాలి. అర ఫ్రేము, పావు ఫ్రేము ఉండవు కాబట్టి ఒకసారి రెండు, ఇంకోసారి మూడు పడతాయి. పక్కకి నడుస్తుంటే గోడల అంచులు జంటగా కనిపించేది ఇందుకే. ఫ్రేములు లెక్కపెట్టే మీటర్ మాత్రం 144 అనే చూపిస్తుంటుంది, దాంతో తప్పు ఎక్కడుందో ఓ పట్టాన దొరకదు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఫిజిక్స్, కామన్ కింద ఫిజిక్స్ ఇంటర్‌పొలేషన్ ఆన్ చేస్తే, రెండు ఫిజిక్స్ అడుగుల మధ్య స్థానాల్ని ఇంజినే లెక్కగట్టి నింపుతుంది, సర్దుకుంటుంది. 2డీకి ఇది 4.3లో, 3డీకి 4.4లో వచ్చింది.

ఆన్ చేసి వదిలేస్తే రెండు చోట్ల తంటా. పాత్రను ఉన్నపళంగా వేరే చోటికి మార్చాక రీసెట్ ఫిజిక్స్ ఇంటర్‌పొలేషన్ అనే ఫంక్షన్ని పిలవకపోతే ఆ దూరమంతా తెర మీద సర్రున జారిపోతుంది. రెండోది, మౌస్‌తో తిరిగే కెమెరా. దానికి ఇంటర్‌పొలేషన్ ఆపేయాలి, లేదంటే చెయ్యి కదిలిన కాసేపటికి చూపు కదులుతుంది. కెమెరాకి టాప్ లెవెల్ (పాత్ర కదలికకి తనంతట తాను అంటుకోకుండా చేసే సెట్టింగ్) పెట్టి, ఫిజిక్స్ ప్రాసెస్‌లో కాకుండా ప్రతి ఫ్రేముకీ నడిచే మామూలు ప్రాసెస్‌లో, పాత్ర తాలూకు ఇంటర్‌పొలేటెడ్ ట్రాన్స్‌ఫామ్‌ని (సాఫీ చేసిన స్థానాన్ని) పట్టుకుని వెంట నడపాలి. తిప్పడం మాత్రం మౌస్ చెప్పినట్టు నేరుగా జరగాలి.

తర్వాత ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే కెమెరా ఎంత వెడల్పు చూస్తుందో చెప్పే కోణం. ఇక్కడ బోల్తా పడనివాళ్లు తక్కువ. గోడోలో కనిపించే 75 నిలువు కోణం. 16:9 తెర మీద అది అడ్డంగా దాదాపు 107.5 డిగ్రీలు. పీసీ గేమ్‌లలో జనం అలవాటుపడ్డ 90 చాలావరకు అడ్డం కొలత. అదే 90 తెచ్చి ఇక్కడ వేస్తే అడ్డంగా 121 దాటుతుంది, అంచులు సాగిపోయి తల తిప్పిన ప్రతిసారీ కడుపులో తిప్పుతుంది. అడ్డం 90 కావాలంటే నిలువు 59 దగ్గర పెట్టాలి. స్లైడర్‌ని 55 నుంచి 80 దాకా ఇచ్చి, ఆడేవాళ్లకు అడ్డం అంకెనే చూపించడం మేలు. పరిగెత్తేటప్పుడు కోణం పెంచే సోకు ఉంటే దానికి వేరే స్విచ్ పెట్టండి.

దెబ్బ తగిలినప్పుడు తెర అదిరే కెమెరా షేక్‌కి రాండమ్ అంకెలు వాడితే ప్రతి ఫ్రేముకీ బొమ్మ ఎగిరిపడుతుంది. అంకెల్ని మెల్లగా మార్చిచ్చే ఫాస్ట్‌నాయిస్‌లైట్ తీసుకుని, అర సెకనులోపు సద్దుమణిగేలా చేస్తే దెబ్బ తెలుస్తుంది, కన్ను అలవదు. సున్నా దాకా తగ్గే స్లైడర్ తప్పనిసరి. నడకలో తల ఊగడానికీ అంతే. ఒళ్లు కుర్చీలో కదలకుండా ఉంటే కళ్లు నడుస్తున్నామంటాయి, లోపలి చెవి కాదంటుంది. వికారం అక్కడే మొదలు. కదిలేటప్పుడు బొమ్మని మసకబార్చే మోషన్ బ్లర్ ఈ ఇంజిన్లో లేదు. అది లోటని కొందరంటారు గానీ, కళ్ల లెక్కన చూస్తే పోతే పోయింది.

మెరుపుల విషయంలో ఇంజిన్ ఏ సాయమూ చేయదు, హెచ్చరికా లేదు. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ ఒకటి ఎరుపు నీలం రంగుల్ని సెకనుకు 12 సార్లు మార్చి చూపిస్తే, 600 మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల హద్దు సెకనుకు మూడు మెరుపులు, గేమ్‌కీ అదే పట్టుకోండి. దెబ్బ తగిలినప్పుడు తెరంతా తెల్లటి కలర్‌రెక్ట్ (రంగు పలక) వేసే పద్ధతి మానేసి, ఆల్ఫా (దాని చిక్కదనం) 0.25 మించకుండా, 0.3 సెకన్లలో కరిగేలా ట్వీన్ (మెల్లగా మార్చే సాధనం) పెట్టి, మెరుపుకీ మెరుపుకీ 0.4 సెకన్ల ఎడం ఉండేలా టైమర్ కడితే సెకనుకు మూడు దాటవు. మెషీన్‌గన్ దెబ్బలకూ ఇది నిలుస్తుంది. ముదురు ఎరుపు జోలికి అసలు పోవద్దు.

వెలుగు చుట్టూ కాంతి పరిచే గ్లో సంగతి క్లుప్తంగా: ఎంత వెలుగు దాటాక అది మొదలవ్వాలో చెప్పే హెచ్‌డీఆర్ త్రెషోల్డ్‌ని 1 కంటే కిందికి దించితే తెల్లగోడలు కూడా వెలుగులు కక్కుతాయి. చీకటి సీన్లలో ఆకాశం చారలు చారలుగా కనిపిస్తుంటే యూజ్ డీబ్యాండింగ్ వేయండి. అదీ ఆఫ్‌లోనే ఉంటుంది.

గోడోకి నిండు మార్కులు పడేది తెలుగు అక్షరాల దగ్గర. అక్షరాల్ని సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఇంజిన్లోనే ఉంది కాబట్టి గుణింతాలు, ఒత్తులు విడిపోవు. అయితే ఇంగ్లిష్‌కి సరిపోయే సైజు మనకి చాలదు. 1080పీలో 24 పిక్సెళ్లకి "క్ష్మి" లాంటిది ముద్దయిపోతుంది, 30 దాకా వెళ్లాలి. లైన్ స్పేసింగ్ పెంచకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. తెర సైజుకి బొమ్మని సర్దే స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్‌లో ఉంటే చిన్న బొమ్మని సాగదీసి చూపించడమే కాబట్టి అక్షరాలు మసకబారతాయి. క్యాన్వాస్ ఐటమ్స్‌కి మార్చండి.