మా ఎంపీ కెన్ క్లార్క్: రష్‌క్లిఫ్ ఓటరుగా చాలా ఏళ్లు చూశాక

నాటింగ్‌హామ్ నుంచి ట్రెంట్ నది దాటితే వచ్చే వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్‌లో మేం కాపురం పెట్టింది 2003 మొదట్లో. అప్పటికే కెన్నెత్ క్లార్క్ అక్కడ దాదాపు 33 ఏళ్లుగా ఎంపీ. 1970 జూన్‌లో రష్‌క్లిఫ్ నియోజకవర్గం నుంచి గెలిచారు. 2019 నవంబర్‌లో పార్లమెంటు రద్దయ్యేదాకా ఆ సీటు ఆయనదే. పుట్టింది కూడా వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్‌లోనే, 1940లో. కన్జర్వేటివ్ పార్టీ మనిషి. ఆ పార్టీతో నాకు ప్రత్యేకమైన అనుబంధం ఏమీ లేదు. అయినా అన్నేళ్లు ఆయన ఓటరుగా ఉన్నాక, ఎంపీ ఎలా ఉండాలో చాలా మటుకు, ఎలా ఉండకూడదో కొంత మటుకు ఆయన్ని చూసే తెలుసుకున్నాను.

ముందుగా, ఇక్కడికొచ్చిన మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి. చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే అయినా, కామన్వెల్త్ పౌరులుగా బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకోవడమే ఆలస్యం. మా మొదటి ఓటు 2005 మే ఎన్నికల్లో పడింది. పౌరసత్వం రాకుండానే, పెన్సిలుతో బ్యాలెట్ మీద గుర్తు పెట్టి మడిచి డబ్బాలో వేసిన ఆ రోజు మా ఇద్దరికీ పండగే.

మామూలు జనానికి ఎంపీతో అసలు పని పడేది ఉత్తరాల దగ్గర. ఒకసారి మా కాగితాలు ఒక ప్రభుత్వ కార్యాలయంలో నెలల తరబడి ఇరుక్కుపోయాయి. ఫోన్ చేస్తే గంటసేపు పాట వినిపించడమే తప్ప మనిషి పలికేది లేదు. ఎంపీ ఆఫీసుకు రాశాను. మందపాటి కాగితం మీద జవాబొచ్చింది. పైన ఆకుపచ్చ రంగులో కామన్స్ సభ ముద్ర, కమ్మీల తలుపు మీద కిరీటం. మీ విషయం సంబంధిత మంత్రికి పంపాం, సమాధానం రాగానే మీకు పంపుతాం అని రెండే రెండు వాక్యాలు. అన్నట్టుగానే కొన్నాళ్లకు మంత్రి సంతకంతో ఉన్న జవాబు నకలు వచ్చింది, ఆ వెనకే మా పనీ అయింది. హామీలు లేవు, పొగడ్తలు లేవు, మాకు ఓటేశారా అన్న ఆరా లేదు. మా ఊళ్లో ఎమ్మెల్యే గుమ్మం ముందు తెల్లవారకముందే అర్జీలు పట్టుకుని నిలబడే జనాన్ని చూస్తూ పెరిగిన నాకు అది ఎంత గౌరవంగా అనిపించిందో చెప్పలేను.

మేం వచ్చిన కొత్తలోనే ఇరాక్ యుద్ధం మీద ఓటింగ్ జరిగింది, 2003 మార్చిలో. లేబర్ ప్రధాని టోనీ బ్లెయిర్ యుద్ధం కావాలంటే ప్రతిపక్షంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ కూడా సరేనంది. క్లార్క్ మాత్రం వ్యతిరేకంగా ఓటేశారు. ఆ పార్టీలో అలా నిలబడ్డవాళ్లు కొద్దిమందే. నేను ఆయన్ని శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

గమనించే కొద్దీ ఒకటి అర్థమైంది. ఈ దేశంలో నా రోజువారీ బతుకు చాలావరకు ఆయన మంత్రిగా చేసిన పనుల మధ్యే నడుస్తోంది. నాది ఆస్పత్రి ఉద్యోగం. ఆస్పత్రుల్ని ట్రస్టులుగా మార్చి, సేవలు కొనేవాళ్లనీ అందించేవాళ్లనీ విడదీసిన 1990 నాటి చట్టం ఆయన ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు తెచ్చినదే. అప్పట్లో డాక్టర్ల సంఘం ఆయన మీద ఊరూరా పోస్టర్లు వేసి మరీ పోరాడింది. ఆ కొనుగోలు, అమ్మకం కాగితాల భారం మా వార్డుల్లో ఏళ్ల తరబడి చూశాను. రోగికి దానివల్ల ఒరిగింది తక్కువేనని నా గట్టి అభిప్రాయం. బడుల తనిఖీకి ఆఫ్‌స్టెడ్ పెట్టిన 1992 చట్టం ఆయన విద్యా మంత్రిగా ఉన్నప్పటిది. వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్‌లో ఇల్లు చూసుకునే తెలుగు కుటుంబం ఏదైనా ముందు ఆఫ్‌స్టెడ్ రిపోర్టు చదివాకే ఏజెంటుకు ఫోన్ చేస్తుంది. మేమూ అంతే. ఆ పనికి మాత్రం పూర్తి మార్కులు ఇస్తాను. ఇంగ్లిషు రాని తల్లి కూడా ఎవరో ఒకరి చేత చదివించుకుని, పిల్లాణ్ణి వేసే బడి ఎలాంటిదో తెలుసుకోగలదు. పాలిటెక్నిక్‌లు యూనివర్సిటీలైందీ ఆ ఏడాదే. హైదరాబాద్, విజయవాడల నుంచి పిల్లలు వచ్చి చదువుతున్న నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ అలా పుట్టినదే.

1993 నుంచి 1997 దాకా ఆర్థిక మంత్రి. వడ్డీ రేట్ల మీద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్‌తో నెలనెలా జరిగే సమావేశాల వివరాలు 1994 నుంచి బయటపెట్టించారు. అంతకుముందు అదంతా గుప్తం. ఆదాయపు పన్ను బేసిక్ రేటు 25 శాతం నుంచి 23కి దిగింది. మనం ఇండియా టికెట్ కొన్నప్పుడల్లా కట్టే ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అనే పన్ను కూడా ఆయన బడ్జెట్‌దే. 1994లో మొదలైనప్పుడు యూరప్ బయటి ప్రయాణానికి 10 పౌండ్లు. తర్వాతివాళ్లు దాన్ని ఎక్కడికి తీసుకెళ్లారో వేసవి సెలవులకు నలుగురితో హైదరాబాద్ వెళ్లేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంత అనుభవం ఉన్న మనిషి పార్టీ నాయకత్వానికి మూడుసార్లు పోటీ చేసి మూడుసార్లూ ఓడారు: 1997, 2001, 2005. కారణం యూరప్. పార్టీ ఏటికేడు యూరప్‌కు దూరం జరుగుతుంటే ఆయన కదల్లేదు. 2001లో ఎంపీల ఓటింగ్‌లో మొదటి స్థానం తెచ్చుకుని కూడా, సాధారణ సభ్యుల ఓటింగ్‌లో ఇయాన్ డంకన్ స్మిత్ చేతిలో ఓడారు. యూరప్ మీద కాస్త మాట మార్చి ఉంటే గెలిచేవారని ఇక్కడ అందరూ అనేవారు. ఆయన మార్చలేదు.

నా దృష్టిలో ఆయన జీవితానికంతటికీ గీటురాయి ఇదే. 1972లో బ్రిటన్‌ను యూరప్ కూటమిలో చేర్చే బిల్లు నెగ్గించడానికి విప్‌గా, అంటే పార్టీ ఎంపీల ఓట్లు కూడగట్టేవాడిగా, తిరిగిన కుర్ర ఎంపీ, 2017 ఫిబ్రవరి 1న ఆ కూటమి నుంచి బయటికొచ్చే బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. ఆ రోజు 498 మంది అవునన్నారు, 114 మంది కాదన్నారు. ఆ 114 మందిలో కన్జర్వేటివ్ ఎంపీ ఆయనొక్కరే. ఆ బిల్లు మీద ఆయన చేసిన ప్రసంగం మేం టీవీలో చూశాం. కాగితం ముందు పెట్టుకుని చదవడం లేదు, గొంతు పెంచడం లేదు. తన పార్టీ బెంచీల నడుమ నిలబడి, ఇన్నేళ్ల తన నమ్మకాన్ని నెమ్మదిగా విప్పి చెప్పారు. అప్పటిదాకా ఆ హోదాలో ఉన్న జెరాల్డ్ కాఫ్మన్ ఆ నెలాఖర్లోనే కన్నుమూయడంతో సభలో అందరికంటే సీనియర్‌గా ‘ఫాదర్ ఆఫ్ ది హౌస్’ అయ్యారు.

యూరప్ కూటమిలో ఉండాలా వద్దా అన్న 2016 రెఫరెండంలో రష్‌క్లిఫ్ ప్రాంతం 57.6 శాతం ఉండాలనే ఓటేసింది కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదనుకోవచ్చు. కానీ బయటికి రావాలని ఓటేసిన ఇరుగుపొరుగు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లలో కొందరు 2017 జూన్‌లో మళ్లీ ఆయనకే వేశామని చెప్పారు. ఆయన ఏమనుకుంటారో మాకు తెలుసు, రేపు మాట మారదు అన్నది వాళ్ల లెక్క. ఓటరుకు, ఎంపీకి మధ్య అంతకంటే గట్టి బంధం నేను చూడలేదు.

2019లో దేశం మొత్తం ఈ విషయం దగ్గరే చిక్కుబడిపోయింది. కనీసం యూరప్‌తో సుంకాల ఒప్పందమైన కస్టమ్స్ యూనియన్‌లోనైనా ఉందామన్న ఆయన ప్రతిపాదన ఏప్రిల్ 1న మూడంటే మూడు ఓట్లతో వీగిపోయింది: 273, 276. అలాగని మొండికేసుకుని కూర్చోలేదు. ఫలితాన్ని ఒప్పుకుని, ఒప్పందంతోనే బయటికి వెళ్దామని ప్రధాని థెరిసా మే ఒప్పందానికి ఓటేశారు. ఒప్పందం లేకుండా బయటపడే దారి మూసేందుకు సెప్టెంబర్ 3న సొంత ప్రభుత్వాన్నే ఎదిరించినందుకు 21 మందిని పార్టీ బయటికి పంపింది. వాళ్లలో సభలోకెల్లా సీనియర్ అయిన క్లార్క్ ఒకరు, చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ ఒకరు. 49 ఏళ్లు ఒకే పార్టీ బెంచీల మీద కూర్చున్న మనిషిని ఒక్క రాత్రిలో స్వతంత్ర సభ్యుణ్ణి చేశారు. ఆ రాత్రి నాకు నిజంగా బాధేసింది. 2020లో ఆయనకు ఎగువ సభ అయిన లార్డ్స్‌లో సభ్యత్వం వచ్చింది. రష్‌క్లిఫ్ 2024 జూలైలో లేబర్ చేతికి వెళ్లింది.

ఇక లోపాలు. న్యాయ మంత్రిగా 2010లో జైళ్లు ఇలా నింపుకుంటూ పోవడం దండగని ధైర్యంగా చెప్పారు. తాను హోం మంత్రిగా ఉన్ననాటితో పోలిస్తే ఖైదీల సంఖ్య దాదాపు రెట్టింపైందని గుర్తుచేశారు. అదే శాఖలో ఉండి 2012లో తెచ్చిన చట్టం మాత్రం పేదలకు అందే న్యాయ సహాయాన్ని బాగా కోసేసింది. 2013 ఏప్రిల్ నుంచి విడాకులు, పిల్లల కస్టడీ, ఇమిగ్రేషన్ లాంటి కేసుల్లో చాలామందికి ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరకడం ఆగిపోయింది. వలస వచ్చిన ఆడవాళ్లకు అది పెద్ద దెబ్బ.

అంతకంటే పెద్దది రక్తం సంగతి. 1970లు, 80లలో హీమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు) రోగులకిచ్చిన, రక్తం నుంచి తయారయ్యే ఫ్యాక్టర్ 8 మందుల ద్వారా, రక్తమార్పిడుల ద్వారా హెచ్ఐవీ, హెపటైటిస్ సీ సోకాయి. దాదాపు 30,000 మందికి సోకి, 3,000 మంది దాకా చనిపోయారు. 1983 నవంబర్‌లో ఆరోగ్య శాఖ సహాయ మంత్రిగా, రక్త ఉత్పత్తుల వల్ల ఎయిడ్స్ సోకుతుందనడానికి తిరుగులేని రుజువు లేదని పార్లమెంటుకు చెప్పింది ఆయనే. 2024 మే 20న వచ్చిన విచారణ నివేదిక ఆ మాటను సమర్థించలేమని తేల్చింది. 2021 జూలైలో విచారణ ముందు ఆయన సాక్ష్యం చెప్తుండగా నేను చూశాను. అవతల బాధితులు కూర్చుని ఉన్నారు. లాయర్ ప్రశ్నలకు ఆయన విసుగు దాచుకోలేదు, ఆ వివరాలు తన స్థాయి దాకా వచ్చేవి కావన్న ధోరణిలో మాట్లాడారు. బాధితుల పట్ల ఆయన మాట్లాడిన తీరునూ నివేదిక తప్పుబట్టింది. యూరప్ విషయంలో నేను మెచ్చుకున్న ఆ కదలని తత్వమే అక్కడ పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల ముందు బండరాయిలా నిలబడింది. ఆస్పత్రిలో పనిచేసే ఎవరికైనా అది మింగుడుపడదు.

సాక్ష్యం, నివేదిక రాకముందు ఎవరైనా అడిగితే ఐదుకు నాలుగున్నర అనేసేవాళ్లం ఇంట్లో అందరం. ఇప్పుడు మూడు.