పెద్ద సీడీ సేకరణకు మరాంట్జ్ ఎస్‌ఏసీడీ 30ఎన్

అల్మారాల నిండా సీడీలున్నవారు ఖరీదైన ప్లేయర్ కొనబోయేటప్పుడు అందులోని డాక్ చిప్ (డిజిటల్ సమాచారాన్ని శబ్ద సంకేతంగా మార్చే భాగం) ఏ కంపెనీదని ముందుగా అడగడం పరిపాటి. నా అభిప్రాయంలో మొదట చూడవలసినది డిస్కును తిప్పి చదివే ట్రాన్స్‌పోర్ట్‌ను. డాక్‌ను ఎప్పుడైనా విడిగా కొని తగిలించుకోవచ్చు. ట్రాన్స్‌పోర్ట్‌లో డిస్కును చదివే లేజర్ పికప్ అరిగిపోయి, దాని బదులు మరొకటి దొరకకపోతే మాత్రం ఎంత గొప్ప ప్లేయరైనా మూలన పడవలసిందే. ఒప్పో వంటి పేరున్న సంస్థే 2018లో ప్లేయర్ల తయారీకి స్వస్తి చెప్పిన తరువాత ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. మరాంట్జ్ 2020లో తెచ్చిన ఎస్‌ఏసీడీ 30ఎన్ ప్లేయర్ (ఎస్‌ఏసీడీ అంటే సూపర్ ఆడియో సీడీ) వైపు నేను మొగ్గడానికి తొలి కారణం, అందులోని ఎస్‌ఏసీడీఎం-3ఎల్ ట్రాన్స్‌పోర్ట్‌ను ఆ సంస్థ సొంతంగా రూపొందించుకోవడమే.

మన సేకరణల్లో కొత్తగా మెరిసే డిస్కులు తక్కువ. చేతులు మారిన కచేరీ సీడీలు, క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న సీడీ-ఆర్‌లు, పాత సినిమా పాటల ఎంపీ3 డిస్కులు, అన్నీ కలిసే ఉంటాయి. సీడీలోని దోష సవరణ పద్ధతి ట్రాకు వెంబడి సుమారు 2.5 మిల్లీమీటర్ల వరకు చెరిగిపోయిన సమాచారాన్ని కూడా తిరిగి నిర్మించగలదు. అందుకే అడ్డంగా పడిన గీత కంటే ట్రాకు వెంట గుండ్రంగా పడిన గీత ఎక్కువ ప్రమాదకరం, డిస్కును మధ్య నుంచి అంచు వైపుకు తుడవమనడానికీ కారణం అదే. కాబట్టి షోరూముకు వెళ్ళేటప్పుడు మీ దగ్గరున్న అతి పాడైన డిస్కులనే పరీక్షించి చూడడానికి పట్టుకెళ్ళండి.

30ఎన్‌లో మామూలు డాక్ చిప్ లేదు. సీడీలోని 16 బిట్ల, 44.1 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని డీఎస్‌డీ అనే ఒక్క బిట్ సంకేతంగా మార్చి, విడి భాగాలతో కట్టిన సర్క్యూట్ ద్వారా శబ్దంగా మలుస్తుంది. వీణ తీగ మీటిన తరువాత నాదం సన్నగిల్లుతూ తంబురా శ్రుతిలో కలిసిపోయే చోట దీని గొప్పతనం తెలుస్తుంది; ఆ చివరి అంచు గరుకుగా తెగిపోదు. మృదంగం ఎడమ వైపైన తొప్పి నాదం కూడా ఉబ్బకుండా నిండుగా వినిపిస్తుంది.

ఇదే తరగతిలోని డెనాన్ డీసీడీ-ఏ110 కేవలం డిస్కులు వినేవారికి దీటైన ఎంపికే. అయితే దానికి డిజిటల్ ఇన్‌పుట్ లేదు. సేకరణను క్రమంగా హార్డ్ డిస్కుకు ఎక్కించుకుంటున్నవారికి యూఎస్‌బీ, ఆప్టికల్, కోయాక్సియల్, నెట్‌వర్క్ సదుపాయాలున్న 30ఎన్ ఎక్కువ కాలం పనికివస్తుంది. యాంప్లిఫయరుకు తగిలించడానికి బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) అవుట్‌పుట్ తప్పనిసరి అనుకునేవారికి మాత్రం ఇది తగదు. వారు పై శ్రేణి మోడల్ చూసుకోవాలి. ఏది కొన్నా, లేజర్ పికప్‌ను మన దేశంలోనే మారుస్తారా, విడిభాగాలు ఎన్నేళ్ళు అందిస్తారు అన్న సంగతులను డబ్బు చెల్లించక ముందే డీలరు చేత రాయించుకోవడం మంచిది.