స్పైక్ గార్డా, స్టెబిలైజరా, యూపీఎస్సా: టీవీకి, యాంప్లిఫయర్‌కి ఏది మేలు?

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వస్తే ఎక్కడో ఒక కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది, పోయింది పోయినట్టు ఉండక రెండు మూడుసార్లు వచ్చి పోతుంది. మర్నాటి నుంచి నాకు ఫోన్లు. "అన్నా, కొత్త టీవీ కొన్నాం, స్టెబిలైజర్ పెట్టాలా, స్పైక్ గార్డ్ చాలా?" అందరిదీ ఇదే ప్రశ్న కాబట్టి ఒకచోట రాసేస్తున్నా.

స్టెబిలైజర్ కొనేముందు టీవీ వెనక స్టిక్కర్ చూడండి. చాలావాటి మీద 100-240 వోల్టులని ఉంటుంది. అంటే లో వోల్టేజీకి ఆ టీవీ భయపడదు, దానికోసమైతే స్టెబిలైజర్ దండగ. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన యాంప్లిఫయర్ల సంగతి వేరు, వాటికి 230కి దగ్గరగా ఇస్తేనే మంచిది. ఇక హై వోల్టేజీ వస్తే స్టెబిలైజర్ కరెంటు ఆపేస్తుంది చూడండి, నా లెక్కలో దాని అసలు ఉపయోగం అదే.

స్పైక్ గార్డ్ లోపల చొక్కా గుండీ అంత బిళ్ల ఒకటి ఉంటుంది, ఎంఓవీ అంటారు. వోల్టేజీ ఒక్కసారిగా పైకెగిరి కనురెప్ప పాటు కూడా ఉండని స్పైకును అది మింగేస్తుంది, మింగిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. చవకవాటిలో ఆ బిళ్లే ఉండదు, అవి ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్సులు. బిళ్ల ఉన్నా నిమిషాల తరబడి నిలబడే హై వోల్టేజీని అది ఆపలేదు. ఇది నాకు అనుభవం మీదే తెలిసింది.

రెండేళ్ల కిందట మారతహళ్లిలో మేం అద్దెకున్న బిల్డింగుకి న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగింది. ఫేజుకి (కరెంటు వచ్చే తీగకి) న్యూట్రల్‌కి మధ్య 230 వోల్టులైతే రెండు ఫేజుల మధ్య 400 దాకా ఉంటుంది, న్యూట్రల్ తెగితే ఆ 400నే ఇళ్లు పంచుకుంటాయి, తక్కువ లోడు ఉన్న ఇంటికి ఎక్కువ వోల్టేజీ పోతుంది. ఆ రోజు మా ఇంట్లో ఒక ఫ్యాను, ఒక లైటు, టీవీ, యాంప్లిఫయర్ అంతే. ఫ్యాను గిర్రున అందుకుంది, లైటు తెల్లగా మండిపోయింది, స్పైక్ గార్డ్ నుంచి కాలిన వాసన. విప్పి చూస్తే బిళ్ల బొగ్గు. యాంప్లిఫయర్ పవర్ బోర్డు కూడా పోయింది.

తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పాడు. "సార్, దీనికి పచ్చ వైరే లేదు" అన్నాడు. ఎర్త్ కోసం ఉండే మూడో రంధ్రం ఉంది, దాని వెనక ఏమీ లేదు. అంటే అన్నేళ్లూ మా స్పైక్ గార్డ్ సగం పనే చేసింది, ఎర్త్‌లోకి పంపాల్సినదాన్ని పంపడానికి దారే లేదు.

అందుకే ఎవరు అడిగినా ముందు ఎర్తింగ్ చూపించుకోమంటాను. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య కొలిపించండి, రెండు మూడు వోల్టుల లోపు ఉంటే చాలావరకు సరే. లోడు నడుస్తున్నా కచ్చితంగా సున్నా చూపిస్తే సాకెట్ విప్పించి చూడండి, కొందరు న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. అలా ఉన్నచోట న్యూట్రల్ తెగితే వస్తువు బాడీకే కరెంటు వస్తుంది, ప్రాణాలకే ప్రమాదం. ఎర్తింగ్ సరిచేశాక మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ వేయించండి. వోల్టేజీ హద్దు దాటగానే ఇల్లంతా కట్ చేస్తుంది, కుదుటపడ్డాక కాసేపు ఆగి మళ్లీ ఇస్తుంది. టీవీ దగ్గర ఒక మంచి స్పైక్ గార్డ్. నేనిప్పుడు వాడుతున్నది ఇంతే, స్టెబిలైజర్ తీసేశాను. అద్దె ఇంట్లో ఓనరు మెయిన్ బోర్డు ముట్టుకోనివ్వకపోతే మాత్రం హై వోల్టేజీ వస్తే కరెంటు ఆపేసే (హై కటాఫ్ ఉన్న) స్టెబిలైజరే దారి.

యూపీఎస్ ప్రొజెక్టర్ ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది, కరెంటు పోయినా ల్యాంపు చల్లబడేదాకా ఫ్యాను తిరుగుతుంది. ఎప్పుడూ తన ఇన్వర్టర్ మీదుగానే కరెంటు ఇచ్చే ఆన్‌లైన్ యూపీఎస్ అన్నిటికంటే శుభ్రమైన కరెంటు ఇస్తుంది కానీ దాని ఫ్యాను మోత పాట వినేగదిలో నాకు నచ్చదు, పైగా కొన్నేళ్లకోసారి బ్యాటరీ ఖర్చు. ఇన్వర్టర్ అయితే సైన్ వేవ్‌దే, అంటే గోడ సాకెట్ కరెంటులాగే నున్నటి అల ఇచ్చేదే తీసుకోండి.

ఇవన్నీ ఉన్నా డిష్ వైరు, ఇంటర్నెట్ లాన్ వైరు మాత్రం వీటిలో దేని గుండానూ రావు. పిడుగు పోటు వాటివెంట వచ్చి సెట్‌టాప్ బాక్స్ మీదుగా టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు దాకా పోగలదు. మబ్బు పట్టగానే, ఉరుము వినబడకముందే ప్లగ్గుతో పాటు ఆ రెండు వైర్లూ తీసి పక్కన పెట్టండి, ఉరుములు మొదలయ్యాక మాత్రం వాటిని ముట్టుకోకండి.