మిలటరీ జీపులు, పాత బైకులు రీస్టోర్ చేయించేవాళ్ళకి జాగ్రత్త: రంగు చూసి డబ్బులివ్వకండి

పాత మిలటరీ జీపు గానీ, యుద్ధ కాలపు బైకు గానీ కొనాలని, బాగు చేయించాలని చూస్తున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఉత్తరాదిలోని ఒక రీస్టోరేషన్ షెడ్డు మా బాబాయికి చేసిన అన్యాయం ఇది. ఫిర్యాదు విచారణలో ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్ళ పద్ధతి తెలిస్తే ఎవరి దగ్గరైనా మీరు జాగ్రత్తపడొచ్చు.

బాబాయి హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న మ్యూజియం కడుతున్నారు. స్కూలు పిల్లలు వచ్చి రెండో ప్రపంచ యుద్ధం నాటి బళ్ళని దగ్గర్నుంచి చూడాలని ఆయన కోరిక. అందుకోసం ఒక జీపుని ఆ షెడ్డుకి బాగు చేయడానికి ఇచ్చారు. వాళ్ళ దగ్గరే ‘పూర్తిగా రీస్టోర్ చేసిన’ బీఎస్ఏ ఎం20 మోటార్ సైకిల్ ఒకటి కొన్నారు. రెండింట్లోనూ మోసం జరిగింది. జీపు విషయంలో జరిగిన నష్టాన్ని ఇక డబ్బుతో పూడ్చలేం.

అది మామూలు జీపు కాదు, 1943 నాటి ఫోర్డ్ జీపీడబ్ల్యూ. యుద్ధంలో విల్లీస్ కంపెనీ ఒక్కటే అమెరికా సైన్యానికి సరిపడా జీపులు చేయలేకపోయింది. అందుకని అదే డిజైన్‌తో ఫోర్డ్ చేత కూడా చేయించారు. 1941 నుంచి 1945 దాకా ఇద్దరూ కలిపి ఆరు లక్షలకు పైగా తయారు చేశారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ముందు వైపు రేడియేటర్ కింద ఛాసిస్‌ని కలిపే అడ్డపట్టీ విల్లీస్‌లో గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌లో బోర్లించిన కాలువ ఆకారం. విల్లీస్ తన నంబర్‌ని చిన్న రేకు మీద కొట్టి ఛాసిస్‌కి రివెట్ చేసేది. ఫోర్డ్ ఎడమ వైపు ఛాసిస్ పట్టీ మీదే నేరుగా పంచ్ కొట్టేది. ఫోర్డ్ చేసిన బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఫోర్డ్ జీపు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఒకటే. విల్లీస్‌కి అలా కాదు. ఎనభై ఏళ్ళు వాడిన బండిలో ఆ రెండు నంబర్లూ ఇంకా కలిసి ఉండడం చాలా అరుదు. మా జీపులో కలిశాయి. యుద్ధం అయ్యాక మిలటరీ డిస్పోజల్‌లో కొన్న ఒక రైతు కుటుంబం చాలా ఏళ్ళు పొలం పనులకి వాడి, చివరికి పాకలో పెట్టేసింది. వాళ్ళు వేసిన నీలం రంగుని కాస్త గీరితే కింద మిలటరీ పచ్చ, బానెట్ పక్కన ఆ పచ్చ మీద తెల్ల అంకెల జాడ కనిపించేవి. ఆ అంకెలున్న చోటు ముట్టుకోవద్దని షెడ్డువాళ్ళకి రాతపూర్వకంగా చెప్పాం.

బండి తిరిగొచ్చింది. నిగనిగలాడుతోంది. అసలు నిగనిగలాడడమే తప్పు, ఎందుకంటే యుద్ధ కాలపు మిలటరీ పచ్చకి (ఆలివ్ డ్రాబ్ రంగుకి) మెరుపు ఉండదు. ఎండకి మెరిస్తే శత్రు విమానాలకి దొరికిపోతామని మెరుపు లేని రంగే వేసేవారు. అది సరే, రంగుదేముంది, మళ్ళీ వేయించుకోవచ్చు. బండి మొత్తాన్ని సాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి రంగు ఊడగొట్టడం) చేసి బానెట్ మీది అంకెలతో సహా గీకేశారు. ఫ్లోర్ రేకులో తుప్పు తినేసిన చోట కొత్త రేకు వెల్డింగ్ చేయకుండా లప్పం పూసి పైన రంగు కొట్టారు. అయస్కాంతం పెడితే జారి కింద పడింది. ‘ఎఫ్’ బోల్టులు ఒక్కటీ లేవు. కార్బురేటర్ మారింది. తీసిన భాగాలు ఏవని అడిగితే తుక్కుకి వేసేశామన్నారు. వెతికేవాళ్ళకి వాటి విలువ ఎంతో ఆ షెడ్డువాళ్ళకి తెలియదంటే నేను నమ్మను.

అన్నిటికన్నా ఘోరం ఇంజన్. బ్లాకే వేరే. ఆయిల్ ఫిల్టర్ దగ్గర నంబర్ ఉండే చోట ఆకురాయితో రుద్దిన గీతలు, వాటి మీద కొత్తగా కొట్టిన మా పాత నంబర్. ముందే తీసిన ఫొటోల పక్కన పెట్టి చూస్తే అంకెల తీరు కలవడం లేదు. ఛాసిస్ పట్టీ మీద కూడా గ్రైండర్ పెట్టి మళ్ళీ పంచ్ చేశారు. ‘తుప్పుకి సరిగ్గా కనబడక నీట్‌గా కొట్టాం సార్’ అన్నది వాళ్ళ జవాబు. కనబడకపోయినా ఆ పాత గుర్తే కదండీ ఆ బండికి ప్రాణం! అది పోయాక ఎన్ని లక్షలు పోసినా తిరిగి రాదు.

ఇక బైకు. ఎం20 అంటే 500 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్, ముందు గర్డర్ ఫోర్కు ఉండే బ్రిటిష్ సైనిక బండి. యుద్ధం కోసం లక్షా పాతిక వేలకు పైగా చేశారు. ‘1942 మోడల్, మ్యాచింగ్ నంబర్స్’ అని ఆ షెడ్డువాళ్ళు గొప్పగా చెప్పి, అందుకని ధర ఎక్కువే వేశారు. నిజానికి యుద్ధ కాలంలో బీఎస్ఏ కంపెనీ ఎం20 ఇంజన్‌కీ ఫ్రేమ్‌కీ ఒకే నంబర్ వేయలేదు. రెండూ వేర్వేరుగా ఉండడమే సహజం. అంటే మ్యాచింగ్ అని చూపించారంటేనే తర్వాత ఎవరో కొట్టారని అర్థం. మా బండి ఫ్రేమ్ మీద రంగు తీసి చూస్తే అరగదీసిన పాత అంకెల మీద ‘డబ్ల్యూఎం20’తో మొదలయ్యే కొత్త నంబర్ బయటపడింది. మడ్‌గార్డులు కొత్త రేకు, ఫోర్కు ఎక్కడో కొత్తగా పోత పోసింది. పాత బైకు అమ్మేవాళ్ళు ఎవరైనా ‘మ్యాచింగ్’ అంటే, ఆ కంపెనీ ఆ రోజుల్లో అసలు మ్యాచింగ్ నంబర్లు వేసేదా అని ముందు తెలుసుకోండి.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. భాగాలు కలగలిసి ఉండడం నేరమేమీ కాదు. యుద్ధ సమయంలో సైనిక వర్క్‌షాపుల్లోనే ఫోర్డ్ ఛాసిస్ మీద విల్లీస్ బాడీ, ఇంకో బండి ఇంజన్ ఎక్కించేవారు. దాన్ని దాచకుండా చెప్పి, దానికి తగ్గ ధర తీసుకుంటే అది నిజాయితీ గల వ్యాపారమే. లేని చరిత్రని పంచ్ కొట్టి అమ్మడమే మోసం.

మార్కెట్లో ‘1944 విల్లీస్’ పేరుతో తిరిగే చాలా జీపులు తర్వాతి కాలపు మహీంద్రా సీజే3బీలు. బానెట్ తెరిచి ఇంజన్ పైన చూడండి. యుద్ధ కాలపు జీపు ఇంజన్‌కి పైన చదునైన హెడ్, దాని మీద ప్లగ్గులు మాత్రమే ఉంటాయి. పైన రాకర్ కవర్ (వాల్వుల మీద మూత) కనిపిస్తే అది ఆ ఇంజన్ కాదు. యుద్ధ కాలపు గ్రిల్‌కి తొమ్మిది చీలికలు, ఆ తర్వాతి పౌర జీపులకి ఏడు. యుద్ధ కాలపు హెడ్‌లైట్లని పైకి తిప్పి ఇంజన్ మీద వెలుగు పడేలా చేయొచ్చు. డీజిల్ ఇంజన్ ఉంటే ఇక అడగక్కర్లేదు, అది యుద్ధ కాలపు ఇంజన్ కాదు. అలాగని సీజే3బీ తక్కువ బండి కాదు, మన సైన్యం చరిత్రలో దానికీ చోటుంది. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్‌తోనే అబ్దుల్ హమీద్ పాకిస్తాన్ ట్యాంకుల్ని పేల్చి పరమవీర చక్ర పొందారు. జబల్‌పూర్‌లో చేసిన సైనిక బళ్ళు జోంగా జీపు, శక్తిమాన్ ట్రక్కు కూడా మ్యూజియంలో సగర్వంగా నిలబెట్టదగ్గవే. వాటిని వాటి పేరుతోనే కొనండి.

పేపర్ల సంగతి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని ‘వీఏ’ సిరీస్‌లో వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. నంబర్ మీద నంబర్ కొట్టిన బండిని ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్ళాలంటేనే మాకు టెన్షన్‌గా ఉంది, అనుమానం ముందు మన మీదకే వస్తుంది. సైన్యం నుంచి వేలంలో వచ్చిన బండి అని చెబితే వేలం కాగితాలు, డెలివరీ ఆర్డర్ చూపించమనండి. ‘నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, అడ్వాన్స్ పంపితే బండి పంపిస్తా’ అనేవాళ్ళకి మాత్రం ఒక్క రూపాయి వేయకండి. ఆ మోసం చాలామందికి జరిగింది.

బండిని షెడ్డుకి ఇచ్చేముందు ఛాసిస్, ఇంజన్ నంబర్లకి ఆర్టీవోలో తీసినట్టే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి, షెడ్డువాళ్ళ సంతకం పెట్టించి దగ్గర పెట్టుకోండి. ప్రతి భాగానికీ ఫొటో ఉండాలి. తీసిన ప్రతి బోల్టూ, విరిగిందైనా సరే, సంచిలో కట్టి తిరిగివ్వాలని ఒప్పందంలో రాయించండి. నంబర్లున్న చోట గ్రైండర్ గానీ బ్లాస్టింగ్ గానీ పెట్టకూడదని విడిగా రాయించండి. డబ్బు దశలవారీగా ఇవ్వండి. లప్పం, రంగు పడకముందు ఒట్టి రేకు మీద బండిని చూడకుండా తర్వాతి వాయిదా కట్టకండి. ఇప్పుడు ఇంకో జీపు విషయంలో మేం ఇలాగే చేస్తున్నాం. ఒక మెకానిక్ ఈ షరతులు విని పని ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాయన తీసిన ప్రతి నట్టునీ డబ్బాలో వేసి చీటీ అంటిస్తున్నారు.

విశాఖ బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర లోపలికి వెళ్ళినప్పుడు పిల్లలు ఎందుకు అలా నోరు తెరుచుకుని చూస్తారు? 1969 నుంచి 2001 దాకా నేవీలో నిజంగా పనిచేసిన జలాంతర్గామి కాబట్టి. మా జీపు దగ్గర కూడా ఆ పిల్లలకి అలాంటి నిజమే చూపించాలని బాబాయి ఆశపడ్డారు.

ఇప్పటికే మోసపోయినవాళ్ళుంటే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి రెండేళ్ళ గడువు ఉంటుంది. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. మొదట దారి తెలియాలంటే 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. షెడ్డువాళ్ళతో మాటలన్నీ మెసేజ్‌లలోనే పెట్టుకోండి. మా ఫిర్యాదుకి ఇప్పుడు ఆధారం ఆ మెసేజ్‌లు, పాత ఫొటోలే. ఎక్కడైనా నంబర్ రుద్దేసిన జీపీడబ్ల్యూ ఇంజన్ బ్లాక్ గానీ, సంచెడు ‘ఎఫ్’ బోల్టులు గానీ అమ్మకానికి కనిపిస్తే, కొనేముందు అవి ఏ బండివో అడగండి, ఫొటో తీసి పెట్టుకోండి. అవి మావే కావచ్చు.